గాదెలో గింజ, ట్యాంకులో నీళ్లు: గన్నవరం లెక్క

తిండిగింజలు పండే ప్రాంతాన్ని స్వయంపోషకం అనేయడం అలవాటు. కృష్ణా డెల్టా గురించి ఆ మాట అనడం మరీ తేలిక, ఎటు చూసినా వరి, పక్కనే కాలువ. విపత్తు రోజున లెక్క మారిపోతుంది. వడ్లు ఉంటే అన్నం ఉన్నట్టు కాదు, ఆడించాలి, దానికి కరెంటు కావాలి. కాలువ నిండుగా పారుతున్నా దాహం తీరదు, ఆ నీటిని వడకట్టి ట్యాంకుకు ఎక్కించాలి, దానికీ కరెంటే కావాలి. అందుకే ఒక మండలం ఎంత గట్టిదో చెప్పాలంటే అక్కడ ఉన్న సరుకులో కరెంటూ రోడ్డూ లేని రోజున నోటిదాకా వచ్చేది ఎంత అని లెక్క కట్టాలి. ఈ లెక్కకు కృష్ణా జిల్లా గన్నవరం కంటే తగిన చోటు దొరకడం కష్టం. విమానాశ్రయం, జాతీయ రహదారి, ప్రధాన రైలు మార్గం, మెడికల్ కాలేజీ, పశువైద్య కళాశాల, జాతీయ విపత్తు దళం అన్నీ ఒక్క మండలంలోనే ఉన్నాయి. ఇన్ని ఉన్నా ఇక్కడి పల్లెలో ఒక ఇల్లు మూడు రోజులు నెట్టుకు రావడం అంత సులువు కాదు.

గన్నవరం విజయవాడకు తూర్పున ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు వెళ్లింది, గన్నవరం బందరు కేంద్రంగా ఉన్న కృష్ణా జిల్లాలోనే, గుడివాడ డివిజన్‌లో ఉండిపోయింది. ఆసుపత్రికీ కాలేజీకీ సరుకులకూ పరుగు విజయవాడకే, కలెక్టరు కచేరీ మాత్రం బందరులో. నేల కూడా ఇలాగే రెండు తీరులు. ఏలూరు కాలువకు ఎగువన చాలా మేరకు మెట్ట, అక్కడ చెరువులు, బోర్లు, మామిడి తోటలు. దిగువన కాలువ నీటి మీద బతికే మాగాణి. ఎగువవాళ్ల భయం ఎండాకాలం, దిగువవాళ్ల భయం వానాకాలం. మండలం మొత్తానికి ఒకటే ప్రణాళిక రాసి బీరువాలో పెడితే సరిపోనిది ఇందుకే.

ముప్పు ఎటునుంచి వస్తుందో ముందు చూడాలి. సముద్రం యాభై, అరవై కిలోమీటర్ల దూరం కనుక ఉప్పెన ఇక్కడిదాకా రాదు. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో ముప్పైవేల మంది పోయారంటారు. 1977 నవంబరు 19న దివిసీమలో పోయినవాళ్లు అధికారిక లెక్కలోనే పదివేల దాకా ఉన్నారు. 1990 మే 9న దాదాపు అంతే బలమైన తుపాను మళ్లీ ఈ తీరాన్నే తాకినా మృతుల సంఖ్య వెయ్యి దాటలేదు. గాలి తగ్గిందేమీ లేదు. ఈసారి హెచ్చరిక ముందే అందింది, జనాన్ని లక్షల్లో ముందే కదిలించారు. తుపాన్ల విషయంలో గన్నవరం పాత్ర తీరానికి సాయం పంపే మెట్టు. దాని సొంత గండం మాత్రం బుడమేరు.

మైలవరం వైపు కొండల్లో పుట్టే ఈ వాగు వెలగలేరు రెగ్యులేటరు దగ్గర రెండుగా చీలుతుంది. ఒక పాయను మళ్లింపు కాలువ ద్వారా ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుపుతారు. పాత పాయ విజయవాడ ఉత్తరపు శివార్లు ఒరుసుకుంటూ వచ్చి, ఏనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కిందనుంచి సొరంగంలో దూరి, గన్నవరానికి దిగువ పొలాల మీదుగా కొల్లేరుకు సాగుతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇది మురుగుకాలువలా పడి ఉంటుంది. 2024 ఆగస్టు 31న విజయవాడ ప్రాంతంలో ఒక్క రోజులోనే పాతిక సెంటీమీటర్లకు పైగా వాన పడింది. మళ్లింపు కాలువ పట్టగలిగేది పదిహేనువేల క్యూసెక్కుల దాకా, వచ్చిన వరద దానికి రెట్టింపు దాటింది. అదే సమయంలో కృష్ణ కూడా పొంగి ఉండడంతో కలవాల్సిన నీరు కలవక వెనక్కి తన్నింది, గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్లలో నానాయి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది. 2009 అక్టోబరు నాటి 11.10 లక్షల రికార్డు చెరిగిపోయింది. బ్యారేజీని కట్టిన లెక్క 11.9 లక్షలు, ఎంత అంచుదాకా వెళ్లిందో దీన్నిబట్టే తెలుస్తుంది. సైన్యం కూడా చేయి కలిపాక సెప్టెంబరు 7కు గానీ మూడో గండి పూడలేదు.

ఆ వారంలో బయటి దారులూ తెగాయి. హైదరాబాదు రోడ్డు నందిగామ దగ్గర ఐతవరం వద్ద మునిగింది. మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం దగ్గర పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి కాజీపేట వైపు రైళ్లు ఆగిపోయాయి. హెలికాప్టర్లలో, డ్రోన్లలో అన్నం పొట్లాలు, నీళ్లు పంపాల్సి వచ్చింది. లోపలి సందుల్లో మేడల మీద చిక్కుకున్నవాళ్లు మొదటి రెండు రోజుల్లో అన్నింటికంటే ముందు అడిగింది మంచినీళ్లు. చుట్టూ నడుములోతు నీళ్లు, తాగడానికి గుక్కెడు లేదు.

నీటి సంగతి వివరంగా చూడాల్సింది అందుకే. విపత్తుల్లో ప్రపంచమంతా వాడే కనీస కొలత మనిషికి రోజుకు పదిహేను లీటర్లు, తాగడానికీ వంటకూ ఒంటి శుభ్రానికీ కలిపి. నాలుగువేల జనాభా ఉన్న ఊరికి రోజుకు అరవైవేల లీటర్లన్నమాట. పల్లెల్లో కనిపించే ఓవర్‌హెడ్ ట్యాంకులు చాలావరకు నలభైవేలు, అరవైవేల లీటర్లవి. కరెంటు పోయేసరికి ట్యాంకు నిండుగా ఉందనుకున్నా ఊరి చేతిలో ఉన్నది ఒక్క రోజు. సగం ఖాళీగా ఉంటే పూట. తుపాను హెచ్చరిక రాగానే ట్యాంకు నింపి వాల్వు కట్టేసి, రోజుకు రెండుసార్లు గంటేసి చొప్పున వదిలి, తాగడానికీ వంటకూ మాత్రమే వాడుకుంటే ఆ ఒక్క రోజే మూడు రోజులవుతుంది. ఈ పనికి కావలసిందల్లా పంపు ఆపరేటరుకు ముందే చెప్పి ఉంచడం.

కరెంటుతో పనిలేనిది బోరింగు. పల్లెల్లో ఉన్న చేతిపంపు గంటకు ఏడెనిమిది వందల లీటర్లు ఇస్తుంది, పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు కొడితే మూడు వందల మందికి సరిపడా నీళ్లు. ఇంటింటికీ కొళాయి వచ్చాక చాలాచోట్ల బోరింగును ఎవరూ పట్టించుకోవడం లేదు. తోలు వాషరు ఎండిపోయి, గొలుసు తుప్పుపట్టి, పిడి మాత్రం పైకీ కిందకీ ఆడుతుంటుంది. నీళ్లు రావు. ఊరి సన్నద్ధత చూడ్డానికి వచ్చిన అధికారి ఫైలు తెరవడానికి ముందు వీధి చివరి బోరింగు పట్టుకుని నాలుగుసార్లు కొడితే సగం సంగతి తెలిసిపోతుంది. గన్నవరం వైపు భూగర్భ జలం చాలామేరకు వాడుకోదగినదే కావడం అదృష్టం, గుడివాడ దాటి బందరు వైపు వెళ్లేకొద్దీ అది ఉప్పగిల్లుతుంది.

డెల్టా ఊళ్లకు మరో ఆసరా మంచినీళ్ల చెరువు. వేసవిలో కాలువలు కట్టేసే ముందు దాన్ని నింపుకుని, మళ్లీ కాలువ వదిలేదాకా దాని మీదే గడపడం తరాల పద్ధతి. ఆ రోజుల్లో ఇళ్లలో బిందె లోపలి అంచున చిల్లగింజ అరగదీసేవారు. కాసేపటికి ఒండ్రు అడుగుకు దిగి పైన తేటనీరు నిలిచేది. చిల్లగింజ మట్టినే దించుతుంది, క్రిములను చంపదు. ఆ పనికి కాచడమో, క్లోరినో తప్పదు. రెండు మీటర్ల వెడల్పు ఉన్న గుండ్రని బావిలో అయిదు మీటర్ల నీళ్లుంటే అది పదిహేనువేల ఏడు వందల లీటర్లు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున నలభై గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు చాలు, కలిపాక గంటసేపు ఆగి తోడుకోవాలి. మంచి పౌడరు అనడం ఊరికే కాదు. మూత సరిగా లేని సంచిలో ఏడాది పాటు పంచాయతీ గదిలో పడి ఉన్న పౌడరులో సున్నం మిగులుతుందే గానీ క్లోరిన్ మిగలదు. వాసన ఘాటుగా లేకపోతే దాన్ని నమ్మకూడదు.

ఇక బియ్యం. సార్వాలో ఎకరానికి 75 కిలోల బస్తాలు ముప్పై పండితే 2,250 కిలోల వడ్లు. ఆడిస్తే నూటికి అరవై ఏడు పాళ్ల లెక్కన పదిహేను వందల కిలోల బియ్యం. మనిషికి నెలకు పది కిలోలనుకుంటే ఒక ఎకరం ఒక్క పంటతో పన్నెండు మందిని ఏడాది పోషిస్తుంది. ఈ లెక్క ప్రకారం డెల్టా గ్రామానికి తిండి భయం ఉండకూడదు. కానీ గింజ ఊళ్లో ఉండడం లేదు. ఒకప్పుడు వడ్లు కుప్ప నూర్చాక ఇంటికే వచ్చేవి. వాకిట్లో గడ్డివెంటి చుట్టి పురి కట్టేవారు, లోపల గాదెలు నిండేవి, విత్తనానికీ తిండికీ పాలికాపు జీతానికీ వేరువేరుగా కొలిచి పెట్టేవారు. వరద వచ్చి పది రోజులు బండి కదలకపోయినా రోలూ రోకలీ ఉన్న ఇంట్లో పొయ్యి ఆరేది కాదు. ఇప్పుడు మిషను కోసిన వడ్లు పొలం గట్టు మీదనుంచే ట్రాక్టరెక్కి వెళ్లిపోతాయి. కొనుగోలు కేంద్రం అడిగే తేమ పదిహేడు శాతం లోపు, మిషను కోత వడ్లలో అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఆరబోయడానికి కళ్లం లేక రోడ్డు మీద పోసి, మబ్బు పడితే పట్టాలు కప్పుకుంటూ రైతు కాపలా కాస్తాడు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు డెల్టాలో తడిసినవి ఇలాంటి రాశులే. అమ్మేసిన రైతు తన ఇంటికి కొట్లోనుంచి బియ్యం మూట తెచ్చుకుంటాడు. అది ఇరవై ఆరు కిలోల మూట అయి ఉంటుంది, ఎందుకంటే 2022 జూలై నుంచి పాతిక కిలోల దాకా ఉన్న ప్యాకెట్‌కు జీఎస్టీ పడింది, వ్యాపారులు ఒక కిలో పెంచి దాటేశారు. నలుగురున్న ఇంట్లో ఆ మూట ఇరవై రోజుల మాట. నెలాఖరున తుపాను వస్తే రెండు డబ్బాల బియ్యమే మిగిలి ఉంటాయి.

పాత పురులను మళ్లీ కట్టమనడం కుదరని మాట, వడ్లు అమ్మితే గానీ అప్పు తీరదు. కానీ ఊరికి ఒక చిన్న నిల్వ, దాన్ని ఆడించడానికి డీజిలు ఇంజనుతో నడిచే చిన్న పిండిమర, బియ్యంమర ఉంటే చాలు, గింజ మళ్లీ తిండిగా మారుతుంది. రేషన్ బియ్యం మనిషికి నెలకు అయిదు కిలోలు ఎలాగూ వస్తాయి. తుపానుల నెలలైన అక్టోబరు, నవంబరు, డిసెంబరులో వాటిని నెల మొదట్లోనే చేర్చేస్తే ఆ అయిదు కిలోలే అత్యవసర నిల్వ అవుతాయి. పొలంలోనూ ఒక జాగ్రత్త ఉంది. స్వర్ణ వరికి ముంపు తట్టుకునే గుణం కలిపిన స్వర్ణ సబ్-1 రెండు వారాల దాకా నీట మునిగినా మళ్లీ లేస్తుంది. బుడమేరు దిగువ చేలకు అది పనికొచ్చే రకం.

మిగతా వంటింటి సరుకుల్లో స్వయంపోషణ పలచన. కందిపప్పు కర్ణాటక, మహారాష్ట్రలనుంచీ కొంత ఆఫ్రికా, మయన్మార్‌లనుంచీ వస్తుంది. వరి కోశాక ఆ పదునుతోనే చల్లే మినుములు మాత్రం ఇక్కడివే, కాబట్టి డెల్టాకు ఇడ్లీ సొంతం, సాంబారు పరాయిది. నూనెలో పామాయిల్ చాలా భాగం ఇండోనేసియా, మలేసియాలది. పక్క బాపులపాడు మండలంలోనూ ఏలూరు జిల్లాలోనూ ఆయిల్‌పామ్ తోటలు ఉన్నా గెల నుంచి నూనె తీయడం ఫ్యాక్టరీ పని, ఇంట్లో గానుగ కట్టి చేసేది కాదు. ఉప్పు మడులు కోస్తాలో చినగంజాం దాకా ఉన్నాయి, దాని కొరత ఊహించుకోనక్కర్లేదు. నిజంగా తయారుగా ఉండేది ఆవకాయ జాడీ. ఎండాకాలంలో పెట్టిన పచ్చడి, ఎండబెట్టిన వడియాలు, ఎండు చేపలు వానాకాలపు ముంపులో ఆదుకునేవే, ఇప్పుడు రుచి కోసం మిగిలాయి.

పాలు గన్నవరం ప్రాంతపు పెద్ద బలం, చటుక్కున చేజారే బలం కూడా. పితికిన పాలు చల్లబరచకపోతే నాలుగైదు గంటల్లో విరిగే స్థితికి వస్తాయి. కరెంటు లేక ఊరి పాలకేంద్రంలో చిల్లింగ్ ఆగితే, లారీ రాకపోతే, పాలు కాలువ పాలే. అలాంటి రోజుల్లో తోడుపెట్టి పెరుగు, మజ్జిగ చేసి ఊళ్లోనే పంచడం మేలు. పశువులకూ లెక్క ఉంది. ఒక పాడిగేదెకు రోజుకు యాభై, అరవై లీటర్ల నీళ్లు, అయిదారు కిలోల ఎండుగడ్డి, దానికి తోడు పచ్చిమేత కావాలి. ఎండుగడ్డికి ఒకప్పుడు ప్రతి దొడ్లో వామి ఉండేది. కోత మిషను గడ్డిని ముక్కలు చేసి పొలంలో చల్లేస్తుంది, మోపు కట్టే బేలరు దొరక్కపోతే అక్కడే తగలబెట్టేస్తున్నారు. 1977లో రెండు లక్షలకు పైగా పశువులు పోయాయి, బతికినవాటికి ఆ తర్వాత మేత లేకుండా పోయింది. ఎత్తయిన చోట ఊరుమ్మడి గడ్డి నిల్వ, పశువులను కట్టడానికి దిబ్బ ముందే గుర్తించి పెట్టుకోవడం కష్టమైన పని కాదు. సలహాకు పశువైద్య కళాశాల గన్నవరంలోనే ఉంది. నీళ్లొస్తుంటే చివరి నిమిషంలో చేయాల్సింది ఒకటే, పలుపు విప్పేయడం.

ఇంధనం దగ్గర మండలం పూర్తిగా పరాధీనం. పెట్రోలు, డీజిలు వచ్చేది కొండపల్లి డిపోలనుంచి, థర్మల్ కేంద్రం ఉన్నది ఇబ్రహీంపట్నంలో, రెండూ విజయవాడకు అవతలే, రెండూ బుడమేరు మళ్లింపు కాలువ చుట్టుపక్కలే. నగరం మునిగితే ట్యాంకరు తూర్పుకు రావడం కష్టం. చిన్న అవుటపల్లి దగ్గర హైవేని వీడి గొల్లపూడి మీదుగా కాజకు వెళ్లేలా కట్టిన పశ్చిమ బైపాస్ ఈ చిక్కును కొంత విప్పుతుంది. ఏలూరు కాలువ కూడా ఒకనాడు రోడ్డే. కృష్ణా, గోదావరి కాలువలను ఏలూరు దగ్గర కలుపుతూ ధాన్యం పడవలు దాని మీద నడిచేవి. ఇప్పుడు వంతెనల కింద గుర్రపుడెక్క అల్లుకుని ఉంటే పడవ ఎక్కడ కదులుతుంది? కరెంటు పోతే సెల్ టవరు బ్యాటరీ కొన్ని గంటలే వస్తుంది, తర్వాత జనరేటరుకు డీజిలు కావాలి. గ్రామ సచివాలయం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, నీళ్ల పంపు, ఈ మూడింటి మీద సోలార్ పలకలు ఉంటే మిగతా ఊరంతా చీకట్లో ఉన్నా పని సాగుతుంది. ఇన్సులిన్ వాడేవాళ్లకు ఫ్రిజ్ ఆగినా తడి ఇసుకలో కుండ పెట్టి, అందులో మందు బుడ్డిని ఉంచే ఉపాయం ఉంది. ముంపు తగ్గుతున్నప్పుడు పాములు ఇళ్లలోకి చేరతాయి, కాటు మందు ఏ ఆసుపత్రిలో సిద్ధంగా ఉందో ముందే తెలిసి ఉండాలి.

సంస్థల విషయంలో గన్నవరానికి దేశంలో ఏ మండలమూ సాటి రాదేమో. కొండపావులూరులో జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం పదో బెటాలియన్ ఉంది. దాని పక్కనే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణ ప్రాంగణం ఉంది. 2025 జనవరి 19న, దళం ఆవిర్భావ దినాన, రెంటినీ కేంద్ర హోంమంత్రి ప్రారంభించారు. ఒక్కో బెటాలియన్‌లో పద్దెనిమిది రక్షక బృందాలుంటాయి. రెండో ప్రపంచ యుద్ధం నాటి సైనిక విమానాశ్రయంలో ఇప్పుడు 3,360 మీటర్ల రన్‌వే ఉంది, పెద్ద రవాణా విమానమూ దిగుతుంది. చిన్న అవుటపల్లిలో పిన్నమనేని సిద్ధార్థ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఇవన్నీ గన్నవరంలో ఉన్నాయి గానీ గన్నవరం కోసం ఉన్నవి కావు. పదో బెటాలియన్‌కు దివిసీమ నుంచి ఉత్తరాంధ్ర దాకా పిలుపు వస్తుంది, బృందాలు కోనసీమలో ఉన్న రాత్రే బుడమేరు పొంగొచ్చు. పక్కింట్లో డాక్టరు ఉన్నాడని ఇంట్లో మందులు ఉంచుకోకపోవడం లాంటి ధీమా ఇది. ఆ పొరుగుతనం నుంచి మండలం రాబట్టుకోవలసింది శిక్షణ. ఆపదమిత్ర పథకంలో పన్నెండు రోజుల శిక్షణ ఇచ్చి వాలంటీర్లను తయారుచేస్తారు. ఊరికి పదిమందైనా ఈత, తాడుముడి, గుండె ఆగినవాడి ఛాతీ నొక్కడం నేర్చుకుంటే మొదటి ఆరు గంటలకు దిక్కు ఉంటుంది.

పడవల సంగతీ అంతే. 2024లో విజయవాడ వీధుల్లో తిరిగిన పడవల్లో మత్స్యకారులవి చాలా ఉన్నాయి. గన్నవరానికి దిగువన నందివాడ వైపు చేపల చెరువుల్లో మేత వేయడానికి వాడే పడవలున్నాయి. అదే చెరువుల గట్లు బుడమేరు నీరు కొల్లేరుకు జారకుండా అడ్డుపడుతున్నాయన్న గొడవ కూడా పాతదే. గట్టు సంగతి తేలేదాకా ఏ చెరువు దగ్గర ఎన్ని పడవలున్నాయో, తోలగలిగేది ఎవరో, ఫోను నంబరు ఏమిటో సచివాలయంలో ఒక కాగితం మీద ఉండాలి.

ఆ కాగితానికి రెండో వైపు మరో పట్టిక రాయాలి. ఈ ప్రాంతపు ఊళ్లలో పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో ఉండి, రెండంతస్తుల ఇంట్లో డెబ్బై దాటిన భార్యాభర్తలు మాత్రమే మిగిలిన గడపలు చాలా ఉన్నాయి. వాళ్లకు సరుకులకూ డబ్బుకూ లోటు లేదు, ఇన్వర్టరు కూడా ఉంటుంది. మోకాళ్ల నొప్పితో మేడ మెట్లు ఎక్కలేరు. వీధి చివర రేకుల ఇంట్లో ఉండే కౌలురైతుకు, కూలికి మెట్లు ఎక్కే ఓపిక ఉంది, ఎక్కడానికి మేడ లేదు. నీళ్లొచ్చిన రాత్రి ఎవరి ఇంటి తలుపు ఎవరు తట్టాలో, తాళంచెవి ఎవరి దగ్గర ఉందో, ఏ మందు ఏ అలమరలో ఉందో ఆ పట్టికలో ఉండాలి, ఏటా జూన్‌లో కాలువ వదిలే ముందు దాన్ని తిరగరాయాలి.